పోలారావు పడవ వెనక దెయ్యం

అనగనగా దక్షిణాన, నేల అయిపోయినచోట ఒక దీవి. దీవే ఊరు, ఊరే దీవి. ఆ ఊళ్ళో పోలారావని ఒక జాలరి. "సముద్రం మీద నన్ను భయపెట్టేది ఇంకా పుట్టలేదు!" అని మీసం తిప్పేవాడు. ఇంట్లో బల్లి కిందపడితే మాత్రం కోడలు నూకాల్ని కేకేసి మంచమెక్కేవాడు.

ఆ దీవి కొండమీద ఆల్బట్రాస్ పిట్టలుండేవి. రెక్కలు విప్పితే మన గుమ్మంలో పట్టవు, అంతేసి. లోకం మొత్తమ్మీద ఆ జాతి ఆ ఒక్క కొండమీదే మిగిలింది. రెండేళ్ళకో గుడ్డు, అదీ ఒక్కటే. అమ్మ ఓసారి, నాన్న ఓసారి సముద్రం మీదికెళ్ళి తిండి తెస్తేనే పిల్ల బతకడం. ఊ కొడుతున్నారా, గురక పెడుతున్నారా?

జాలర్లు పొడుగాటి తాడుకి గాలాలు కట్టి, ఎర గుచ్చి, పడవ వెనక వదిలేవారు. ఎర చూసి పిట్ట దిగె, పిట్ట గొంతున గాలం దిగె, పిట్టా పోయె, ఎరా పోయె, ఎర పోతే చేప లేదు, చేప లేక పులుసు లేదు, పులుసు లేక పోలారావు మూతి ముడుచుకునె. కొండమీద పిల్ల నోరు మాత్రం తెరుచుకునే ఉండె.

ఆ తెరిచిన నోరే నూకాలు కళ్ళలో మెదిలేది. "మావా, పడవ వెనక గుడ్డపీలికలు కడదాం. రెపరెపలాడితే పిట్టలు ఎర దగ్గరికి రావు" అంది.

"పీలికలు కట్టుకుని వేటకెళ్ళాలా నేను? పోవే!" అన్నాడు.

నూకాలు ఊరుకుంటుందా? తన ఎర్రచీర చింపి, మావ నిద్రలో ఉండగా పడవ వెనక గెడకి కట్టేసింది.

మసకచీకట్లో పోలారావు పడవేశాడు. తాడు వదులుతూ వెనక్కి తిరిగాడు కదా, ఎర్రటి చేతులూపుకుంటూ ఏదో వస్తోంది! తెడ్డేశాడు, అదీ వచ్చింది. జోరుగా వేశాడు, అదీ జోరుగా వచ్చింది. "తల్లీ, నా ఒంట్లో ఎముకలే తప్ప మాంసం లేదే!" అని మొక్కుతూ దీవి చుట్టూ తిరిగేశాడు. వెనక తాడు దానంతటదే నీళ్ళలోకి జారింది. పిట్టలేమో ఆ ఎర్రచేతుల్ని చూసి దూరంగానే తిరిగాయి. తెల్లారి చూస్తే తాడు నిండా చేపలు. దెయ్యాన్ని చూస్తే కోడలి చీరచెంగు!

పీలికలు దాచేసి, ఒడ్డున మీసం తిప్పాడు. పిట్టల్ని ఒక్క చూపుతో తరిమానన్నాడు. పాపం, జాలర్లంతా నమ్మి మర్నాటినుంచి పిట్టలకేసి గుడ్లురమడం మొదలెట్టారు. పిట్టలకేం లెక్క? ఎర మీద ఎర పోయె, గాలం మీద గాలం గొంతున దిగె.

ఓ సాయంత్రం కొండమీద పిల్ల దగ్గరికి నాన్నపిట్ట రాలేదు. నూకాలు మావ ఎదురుగా నిలబడింది. "నోరిప్పు మావా. నీ పరువు రేపు మళ్ళీ తెచ్చుకోవచ్చు. ఆ పిట్టలు పోతే యాడ తెస్తాం?"

పోలారావు కొండకేసి చూశాడు. మీసం దానంతటదే వాలింది. ఊరందరి ముందూ చీర సంగతి చెప్పేశాడు. నవ్వితే నవ్వారు గానీ, మర్నాడు ప్రతి పడవ వెనకా రంగురంగుల పీలికలే! గాలానికి చిక్కిందనుకున్న నాన్నపిట్టా మెల్లిగా వచ్చి వాలింది, పిల్ల కడుపు నింపింది. చేపలు జాలర్లకి, పులుసు పోలారావుకి. గొప్పలకి పోకుండా నిజం చెబితే ఎంతమంది కడుపులు నిండాయో చూశారా?

కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లో దూరండి. ఆఁ, ఒక్కటి మరిచాను. ఆ రోజు అంతా చెప్పేశాక పోలారావు తలొంచుకుని నెమ్మదిగా అన్నాడట: "ఇంకోటుంది... ఆ పొద్దు నా పంచె తడిసింది అలల వల్ల కాదు."