సింహాచలానికి రాని బెల్టు

ఒక మాట చెప్పండి: అందరికంటే బాగా ఆడే మనిషికి ఛాంపియన్ బెల్టు ఇవ్వకపోతే అది అన్యాయం కాదా? తొందరపడి అవునని అరవకండి. ముందు సింహాచలం కథ వినండి. విన్నాక కూడా అరవాలనిపిస్తే అరవండి, ఎవరూ అడ్డురారు.

విశాఖపట్నంలో ఒక ప్రదర్శన కుస్తీల కంపెనీలో సింహాచలం అనే అమ్మాయి ఉండేది. ఆమెకు రాని పట్టు లేదు, కానీ ఆగడం మాత్రం వచ్చేది కాదు. చీపురుపల్లి పక్కనున్న పల్లె నుంచి వచ్చింది. ఇరవై నాలుగేళ్ళు. తనకంటే పది కిలోలు ఎక్కువ బరువున్న మనిషిని కూడా బియ్యం బస్తాలా ఎత్తి భుజాన వేసుకునేది. ఆమె రింగులోకి దిగితే చాలు, వెనక వరుసలవాళ్ళు కుర్చీలెక్కి చూసేవారు.

ప్రదర్శన కుస్తీలో ఎవరు గెలవాలో పొద్దుటే అనుకుంటారు. "అయితే అంతా ఉత్తుత్తిదేనా?" అంటారేమో. గెలుపు ఉత్తుత్తిదే. ఎత్తు మాత్రం నిజం. నేల నిజం. మెడ ఎముక నిజం. అందుకని ఆ కంపెనీలో ఒక కట్టుబాటు ఉండేది. ఒకరిని భుజాల మీదికి ఎత్తాక, పైనున్న మనిషి కిందున్న మనిషి మణికట్టును చేత్తో నొక్కాలి. రెండుసార్లు నొక్కితే "నేను సిద్ధం, పడెయ్" అని అర్థం. ఒక్కసారి నొక్కి ఊరుకుంటే "వద్దు, దించు" అని. చూసే జనానికి ఇదేదీ తెలియదు.

ఆ రెండో నొక్కు దాకా ఆగడం సింహాచలానికి మహా కష్టంగా ఉండేది. ఈలలు వినపడితే ఆమె ఒళ్ళు ఊగిపోయేది. మొదటి నొక్కు తగలగానే విసిరేసేది. అలా ఒకామెకు నడుము పట్టేసింది. ఇంకొకామెకు ముంజేయి వాచింది.

"ఏటే సింహం, అంత తొందరేటి? నానేటి గోనెసంచినా?" అని ఎవరైనా అడిగితే ఆమె నవ్వేసేది.

"పడ్డం రాకపోతే నాదా తప్పు? జనం ఈలేసినప్పుడే పడెయ్యాల. అది చల్లారిపోయాక పడేస్తే ఏటుంటాది మజా?" అనేది.

ఆ ఏడాది ఛాంపియన్ కృపావతి ఆట మానేస్తానని చెప్పింది. పదేళ్ళుగా బెల్టు ఆమెదే. ఇక ఎవరిది? కంపెనీ నడిపే అప్పలకొండ మాస్టారు సింహాచలాన్ని పిలిచారు.

"ఒలే సింహం, ఆదివారం మధ్యాహ్నం జుబేదాతో ఆట. గెలుపు నీదే. అది సక్కగా జరగనీ. తర్వాత అందర్నీ కూకోబెట్టి బెల్టు ఎవరికివ్వాలో అడుగుతాను," అన్నారు.

"అడగడమెందుకు మాస్టారూ? నాకన్నా బాగా ఆడేదెవులు?"

"ఎవులూ లేరు," అన్నారు మాస్టారు. కాసేపు ఆమె ముఖంలోకి చూశారు. "అదే నా బాధ."

సింహాచలానికి మొదటి మాటే వినిపించింది. రెండోది చెవి దాకా రాలేదు.

జుబేదా ఆమెకంటే ఆరేళ్ళు పెద్ద. సన్నటి మనిషి. పెద్ద పెద్ద పట్లేవీ ఆమెకు రావు. అయినా కంపెనీలో కొత్తగా చేరిన ప్రతి పిల్లా మొదటి ఆట జుబేదాతోనే ఆడతానని పట్టుబట్టేది. సింహాచలానికి అది వింతగా తోచేది. అంత మామూలు ఆటగత్తెలో ఏం చూసి?

ఆదివారం రింగులోకి వెళ్ళేముందు జుబేదా చేతులకు పట్టీలు చుట్టుకుంటూ, "సింహం, వారం నుంచి ఎడమ భుజం పట్టేస్తోందే. నువ్వు ఎత్తాక సర్దుకోడానికి ఒక్క క్షణం పడుతుంది. ఆగుతావు కదా?" అంది.

"నాను సూసుకుంటానక్కా, నీకెందుకు," అంది సింహాచలం. ఆమె మనసంతా బెల్టు మీద ఉంది.

మైదానం కిక్కిరిసిపోయింది. పావుగంట ఆట బ్రహ్మాండంగా సాగింది. చివరికి సింహాచలం ఒక్క ఊపున జుబేదాను భుజాల మీదికి ఎత్తింది. జనం లేచి నిలబడ్డారు. "సింహం! సింహం!" అని కేకలు, ఈలలు. మణికట్టు మీద ఒక నొక్కు తగిలింది. రెండోది ఎలాగూ వస్తుంది కదా అనుకుంది. విసిరేసింది.

రెండోది రాలేదు. వచ్చేది కూడా కాదు. జుబేదా దించమని చెప్పింది.

గంట మోగింది. సింహాచలం చెయ్యెత్తి జనం వైపు తిరిగింది. జుబేదా లేవకపోవడం కూడా ఆటలో భాగమే అనుకుని జనం ఇంకా గట్టిగా ఈలలు వేశారు.

"లే అక్కా, అయిపోనాది," అంది సింహాచలం, పెదవులు కదలకుండా.

జుబేదా కళ్ళు తెరిచే ఉన్నాయి. "సింహం," అంది నెమ్మదిగా. "నా చేతులు నాకు తెలీడం లేదే."

ఈలలు ఆగలేదు. "ఆపండి! ఆపండ్రా!" అని సింహాచలం గొంతు చించుకుని అరిచింది. అదీ ఆటే అనుకున్నారు.

ఆసుపత్రి వరండాలో కంపెనీ అంతా నిలబడింది. సింహాచలం ఇంకా రింగు బట్టల్లోనే ఉంది. ఆమెను చూసి జాలిపడి ఒకామె, "నీ తప్పేటుంది? దానికి భుజం బాగోలేదు. సరిగ్గా పడలేకపోనాది," అంది. ఇంకొకామె కూడా తలూపింది. తప్పించుకోవడానికి దారి దొరికింది. తలాడిస్తే సరిపోయేది.

సింహాచలం గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది.

"కాదు. ఒక్క నొక్కే నొక్కింది. దించమంది. రెండోదాని కోసం ఆగాలని నాకు తెలుసు," అంది. "తెలిసినా ఆగలేదు."

కృపావతి వచ్చి ఆమె పక్కన నిలబడింది. తిట్టలేదు, ఓదార్చనూ లేదు. "బెల్టు నాకొద్దక్కా. ఆట కూడా ఒద్దు. ఆ చేతులు కదిల్తే చాలు," అని సింహాచలం గొణుగుతూనే ఉంది.

రెండు గంటల తరువాత డాక్టరు బయటికి వచ్చాడు. "ఎముక విరగలేదు. నరాలు బాగా అదిరాయి. ఇప్పుడు వేళ్ళు కదుపుతోంది. మూడు నెలలు మంచం దిగకుండా చూసుకోండి, మామూలు మనిషవుతుంది," అన్నాడు.

సింహాచలం అక్కడే నేల మీద కూలబడింది. ఏడ్చింది. నవ్వింది. మళ్ళీ ఏడ్చింది. లోపలికి వెళ్ళేసరికి జుబేదా మెడకు పట్టీతో పడుకుని ఉంది.

"దగ్గరికొచ్చి ఏడవకే," అంది జుబేదా. "నీ చీమిడి నా ముఖమ్మీద పడితే తుడుచుకోవాలి కదా. చేతులు ఇప్పుడిప్పుడే వచ్చాయి."

పది రోజుల తరువాత మాస్టారు అందరినీ కూర్చోబెట్టారు. బెల్టు గురించి ఆ కంపెనీలో ఎప్పుడూ ఒకటే ప్రశ్న అడిగేవారు. ఎవరు బాగా ఆడతారు అని కాదు. సింహాచలం ఆ ప్రశ్న వినడం అదే మొదటిసారి.

"మీరు కళ్ళు మూసుకుని ఎవుల భుజాల మీద ఎక్కుతారు?" అన్నారు మాస్టారు.

"జుబేదా." "జుబేదక్క." "జుబేదాయే, ఇంకెవులు?"

ఒక్కరూ సింహాచలం పేరు ఎత్తలేదు. ఆమెకు పాత అలవాటు కొద్దీ రోషం పొడుచుకొచ్చింది. 'నానెత్తినంత ఎత్తు వీళ్ళలో ఎవులెత్తగలరు?' అన్న మాట గొంతు దాకా వచ్చింది. ఇంతలో ఆమె వంతు వచ్చింది. తనలాంటి మనిషి భుజాల మీద తానే ఉన్నట్టు ఊహించుకుంది. కింద నేల. చుట్టూ ఈలలు. చెయ్యి నొక్కినా వినని మనిషి చేతిలో తన మెడ.

"జుబేదక్క," అంది.

ఆ మాట బయటికొచ్చాక గుండెల మీది బరువు దిగినట్టయింది. మాస్టారు తల ఊపారు.

జుబేదా కోలుకుని వచ్చింది. బెల్టు కట్టుకుంది. సింహాచలం మరో తొమ్మిదేళ్ళు ఆడింది. మొదట్లో ఆమెతో జోడీ అంటే పిల్లలు ముఖాలు చూసుకునేవారు. ఆమె నొచ్చుకునేది కాదు, ఆగడం నేర్చుకుంటూ పోయింది. ఎవరి భుజాలెక్కుతారని అడిగితే మెల్లగా ఒకరిద్దరు ఆమె పేరు చెప్పసాగారు. అందరూ చెప్పే రోజు వచ్చేసరికి ఆమె ఆట మానేసే వయసొచ్చింది. ఛాంపియన్ కాలేదు. కానీ ఆ తొమ్మిదేళ్ళలో ఆమె ఎత్తి పడేసిన వాళ్ళందరూ తమ కాళ్ళ మీద తామే లేచి ఇంటికి వెళ్ళారు. రోజూ ఆట అయ్యాక వాళ్ళు నవ్వుకుంటూ బస్సెక్కడం చూస్తే ఆమెకు ప్రాణం హాయిగా ఉండేది.

ఎంత నేర్పున్నా సరే, తన చేతిలో ఉన్న మనిషి మాట వినని వాళ్ళకు పై స్థానం దక్కదు. ఎందుకంటే ఆ స్థానం ఇచ్చేది తోటివాళ్ళ నమ్మకమే. ఇదీ ఈ కథలోని నీతి. విని ఊరుకోకండి. మీతో చదివే మనిషినో, మీ దగ్గర పనిచేసే మనిషినో ఈ రోజే అడగండి: "నాతో ఉంటే నీకెప్పుడైనా భయం వేసిందా?" అని. జవాబు పూర్తయ్యేదాకా నోరు మెదపకుండా వినండి.