కొండప్ప వండిన పులగం

"ఈ మనిషితో ఇంక నావల్ల కాదవ్వా," అంది తిప్పమ్మ. "పుట్టింటికి పోతా. నువ్వు సరే అంటే చాలు."

సుంకులమ్మ అవ్వ కొండ కింద చిన్న మఠంలో ఉంటుంది. తిప్పమ్మ ఆమె దగ్గర ఉపదేశం తీసుకుని పన్నెండేళ్లు. అవ్వను అడక్కుండా ఏ పెద్ద పనీ చేసింది లేదు.

మొగుడు కొండప్ప అరుగు చివర కూర్చుని ఉన్నాడు. మూడు వందల మందికి పెళ్లివంట చేసిన చెయ్యి అతనిది. ఎనిమిది నెలల కింద మోటారు సైకిల్ మీంచి పడ్డాడు. నుదుటి మీద కుట్లు మానిపోయాయి. అప్పట్నుంచీ తనంతట తాను ఏ పనీ ఎత్తుకోడు, ఎత్తుకున్నది పూర్తి చెయ్యడు. స్నానానికి కూడా పదిసార్లు అరవాలి.

"డాక్టరు ఏమన్నాడే?" అంది అవ్వ.

"ఇది ఏ నెల అని అడిగినాడు, ఈయప్ప చెప్పినాడు. నూట్లోంచి ఏడేడు తీసేస్తా పొమ్మన్నాడు, తీసినాడు. తలకాయ బాగుందమ్మా అని పంపించినాడు. బాగున్న తలకాయతో ఊరికే కూచుంటే దాన్నేమంటారవ్వా? కొవ్వు!"

అవ్వ కొండప్ప వైపు తిరిగింది. "నాయనా, పులగం ఎట్లా చేస్తారు?"

అతను చెప్పాడు. బియ్యానికి పెసరపప్పు ఎంత, నీళ్లెన్ని, మిరియాలు ఎప్పుడు, మంట ఎప్పుడు తగ్గించాలి, నంజుకోవడానికి చెనిక్కాయల చట్నీ. ఒక్క తప్పు లేదు.

"చూసినావా? అన్నీ తెలుసు!" అంది తిప్పమ్మ.

"పొద్దున్నుంచీ ఏమీ తినలేదు నాయనా. చేసి పెట్టు," అంది అవ్వ. తిప్పమ్మను పక్కన కూర్చోబెట్టుకుంది. "నువ్వు నోరు మెదపొద్దు. చెయ్యి కదపొద్దు."

కొండప్ప రెండు పొయ్యిలూ ముట్టించాడు. ఒకదాని మీద ఎసరు పెట్టాడు. రెండోదాని మీద చెనిక్కాయ గింజలు వేయించి, దించి, పొట్టు తీయడం మొదలుపెట్టాడు. ఎసరు మరిగింది. అతను పొట్టు తీస్తూనే ఉన్నాడు. పొట్టంతా పోయింది. తెల్లబడ్డ గింజల్నే అరచేతుల మధ్య నలుపుతున్నాడు. బియ్యం చేటలోనే ఉన్నాయి.

తిప్పమ్మ లేవబోయింది. అవ్వ ఆమె మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది.

గిన్నె అడుగు చిటపటలాడింది. కొండప్ప తలెత్తి చూశాడు.

"ఎసరు ఇగిరిపోయింది," అన్నాడు. మళ్లీ గింజలు నలిపాడు.

తిప్పమ్మ మళ్లీ లేవబోలేదు. ఇరవై ఏళ్ల కాపురంలో అతని మొండితనం చూసింది. ఇది అది కాదు.

అవ్వ లేచి వెళ్లి, గిన్నెలో మళ్లీ నీళ్లు పోసి, అతని పక్కన నిలబడింది.

"తర్వాత, నాయనా?"

అతను గింజలు వదిలేసి బియ్యం కడిగాడు. పప్పు కడిగాడు. రెండూ నీళ్లలో నానుతుంటే చూస్తూ ఆగిపోయాడు.

"తర్వాత?"

ఎసట్లో పోశాడు. మిరియాలు వేశాడు. ఉప్పు వేశాడు. ఆగినప్పుడల్లా అవ్వ అదే ఒక్క మాట అంది, విసుగు లేకుండా, తొందర లేకుండా. పులగం పొయ్యి దిగింది. చట్నీ కూడా అయింది.

అవ్వ రెండు మార్లు వడ్డించుకుని తింది. తిప్పమ్మ ఆమె కాళ్లు పట్టుకుంది.

"నా కాపురం నిలబెట్టినావవ్వా."

"లేమ్మా, చల్లారిపోతుంది. తిను. రేపు మళ్లీ ఆ డాక్టరు దగ్గరికే పో. ఈసారి నువ్వు చూసింది చెప్పు."

"అంత చదువుకున్నాయనకు దొరకంది నీకెట్లా దొరికిందవ్వా?"

"ఆయన అడిగినాడు. నేను ఆకలితో కూచుని, వండేది చూసినాను."

తిప్పమ్మ ఆకు ముందు కూర్చుంది. ఎనిమిది నెలల తర్వాత మొగుడి చేతి వంట. ఉప్పూ కారమూ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇన్నాళ్లూ తను అన్న మాటలు ఒక్కొక్కటే గుర్తొస్తుంటే, మెతుకు మిగలకుండా తింది.

ఆకు ఖాళీ అయింది. గరిటె పట్టుకుని కొండప్ప ఎదురుగా నిలబడే ఉన్నాడు, ఆకునే చూస్తూ.

"తర్వాత?" అంది తిప్పమ్మ, మెల్లగా.

అతను వంగి వడ్డించాడు.