ఉసిరికాయ పెట్టి అమ్మిన ఇల్లు

దిండ్లు సర్దుకున్నారా? ఒరే పండూ, ఆ కాలు తియ్యి, చెల్లి మీద వేశావు. ఇవాళ మీ నాన్నకి ఇల్లు చూపిస్తానని ఒకాయన వచ్చాడు చూడండి, నవ్వుతూ నవ్వుతూ మీ చేతుల్లో చాక్లెట్లు కూడా పెట్టాడు, ఆయన్ని చూస్తే నాకు కూర్మయ్య కథ గుర్తొచ్చింది. ఇవాళ అదే చెప్తాను. ఊ కొట్టాలి మరి. మీ ఊ ఆగితే నా కథా ఆగుతుంది.

అనగనగనగా, సముద్రానికి కూతవేటు దూరంలో ఒక ఊరు. ఆ ఊరికి రాజు ఉన్నాడు కానీ మన కథలోకి రాడు, ఆయన్ని ఆయన మేడలో పడుకోనిద్దాం. సముద్రం పక్క ఊరు కదా, ఒక వీధిలో బావినీళ్ళు కొబ్బరినీళ్ళలా ఉండేవి, పక్క వీధిలో నీళ్ళు నోట్లో పోసుకుంటే ఊసెయ్యాల్సిందే. అందుకని ఆ ఊళ్ళో ఇల్లు కొనేవాళ్ళు గోడ చూసేవారు కాదు, గుమ్మం చూసేవారు కాదు, ముందు బావి దగ్గరికి నడిచేవారు.

ఇళ్ళు అమ్మిపెట్టే దళారులు ఆ ఊళ్ళో ఓ పాతికమంది ఉండేవారు. వాళ్ళకో సంఘం, భుజాన తలా ఒక ఎర్ర కండువా. ఆ కండువాకి ఒక కట్టుబాటు ఉంది. ఇల్లు అమ్మే ముందు దళారి తన చేత్తో ఆ బావిలో నీళ్ళు తోడాలి, కొనేవాళ్ళ ఎదట తాను తాగాలి, వాళ్ళకీ తాగించాలి, నీళ్ళెలా ఉన్నాయో ఉన్నమాట చెప్పాలి. మోసం చేశాడా, సంఘం పిలిచి కండువా తీసేస్తుంది. కండువా లేనివాడి మాట నమ్మి ఆ ఊళ్ళో కోళ్ళగూడు కూడా ఎవరూ కొనరు.

ఊ కొడుతున్నారా? సరే.

సంఘానికి పెద్ద ఎవరనుకున్నారు? పేరిందేవమ్మ అని ఒక ముసలావిడ. మొగుడు పోయాక ఆయన కండువా తన భుజాన వేసుకుని నలభై ఏళ్ళు ఊరంతా తిరిగింది. ఒక్క ఇంటి విషయంలో కూడా మాట పడలేదు. ఆవిడ తమ్ముడి కొడుకే మన కూర్మయ్య. తల్లీతండ్రీ పోతే ఆవిడే చంకనేసుకుని పెంచింది. పెద్దయ్యాక ఆవిడే కండువా కప్పింది.

కూర్మయ్య చెడ్డవాడు కాదర్రా, ఆ మాట ముందే చెప్తున్నాను. కానీ ఇంటికి ఉన్న లోపం చెప్పడానికి వాడికి నోరు వచ్చేది కాదు. పైకప్పు కారుతుంటే, వానాకాలంలో భలే చల్లగా ఉంటుందండీ అనేవాడు. గోడ ఒరిగితే, ఈ ఇంటికి వినయం ఎక్కువండీ అనేవాడు. జనం నవ్వేవాళ్ళు, వీడూ నవ్వేవాడు. ఆ నవ్వులే వాణ్ణి చెడగొట్టాయి.

వాడి చేతిలో ఒక ఉప్పునీళ్ళ ఇల్లు పడింది. రెండేళ్ళయినా కొనే నాథుడు లేడు. ఒక కార్తీకమాసంలో వాడు ఉసిరికాయ నములుతూ ఆ బావి దగ్గర నిలబడి, దాహమేసి నాలుగు గుక్కలు తాగాడు. నీళ్ళు తియ్యగా ఉన్నాయి! ఉసిరికాయ తిని నీళ్ళు తాగితే తియ్యగా ఉంటాయని మీకు తెలుసు కదా, మొన్న పెరట్లో కాయలు తిని చెంబెడు నీళ్ళు ఖాళీ చేశారు. కూర్మయ్య బుర్ర పాదరసంలా పరిగెత్తింది.

సరిగ్గా అప్పుడే ఆ ఊరికి ఒక కుటుంబం వచ్చింది. బట్టలకి రంగులద్దేవాళ్ళు. సింగన్న, వాడి పెళ్ళాం నూకాలు, పళ్ళూడిన ముసలి అత్తగారు. వాళ్ళ ఊరిని ఏరు కోసేసింది, ఇల్లూ వాకిలీ ఏట్లో కలిసిపోయాయి. నూకాలు మెళ్ళో నాలుగు బంగారు గుళ్ళు, ఒక జత ఎద్దులు, అంతే మిగిలాయి. అవి ఇచ్చేసి ఇల్లు కొనుక్కోవాలి. మరి వాళ్ళ పనేమో నీళ్ళ పని. మంచినీళ్ళు లేకపోతే రంగు లేదు, రంగు లేకపోతే బట్ట లేదు, బట్ట లేకపోతే సంత లేదు, సంత లేకపోతే గంజి లేదు. నాతో అనండి. మంచినీళ్ళు లేకపోతే రంగు లేదు... ఆఁ, అలాగ.

కూర్మయ్య వాళ్ళని ఆ ఉప్పుబావి ఇంటికే తీసుకెళ్ళాడు. గుమ్మంలో పళ్ళెం నిండా ఉసిరికాయలు పెట్టి, కార్తీకమాసంలో శుభమండీ, తినండి తినండి అని మనిషికి రెండేసి తినిపించాడు. తనూ తిన్నాడు. నీళ్ళు తోడి తాగాడు, వాళ్ళకి తాగించాడు. సింగన్న అయితే, మా ఊరి ఏటినీళ్ళు కూడా ఇంత తియ్యగా లేవండీ అన్నాడు. నా నోటికీ తీపేనండీ అన్నాడు కూర్మయ్య. చూశారా? నోటంట ఒక్క అబద్ధం రాలేదు.

ఎద్దులూ గుళ్ళూ ఇచ్చేసి వాళ్ళు ఆ రాత్రే ఆ ఇంట్లో పడుకున్నారు. తెల్లారి ముసలమ్మ నీళ్ళు పుక్కిలించి తూ అంది. సింగన్న ఒక గుక్క తాగి తూ అన్నాడు. పాపం వాడు మంచివాడే, కాస్త వెర్రిబాగులవాడు. ఎవరో మనమీద కుళ్ళుతో బావిలో ఉప్పు మూట పడేశారే అని తాడు కట్టుకుని లోపలికి దిగి, మధ్యాహ్నందాకా ఆ మూట కోసం వెతికాడు. నవ్వకండి, జలుబు చేసింది వాడికి. నూకాలు ఎరుపు అద్దితే ఇటుకపొడిలా వచ్చింది. నీలం అద్దితే బూడిదలా వచ్చింది. ఉన్న నాలుగు తానులూ పాడైపోయాయి. ఎద్దులు లేవు, గుళ్ళు లేవు, వెనక్కి పోదామంటే ఊరే లేదు. కూర్మయ్యని అడిగితే, మీరు కూడా తాగే కొన్నారు కదండీ అన్నాడు. కోడలు పిల్ల ఇంటికొచ్చి బావిగట్టు మీద కూర్చుని ఏడ్చింది.

ఏమిటే? దయ్యమా? ఈ కథలో దయ్యం లేదమ్మా. ఉప్పునీళ్ళ బావి ఉంది, అది చాలదూ?

వారం పోయాక ఒక పూట, ముసలమ్మ పెరట్లోంచి కేక పెట్టింది, ఒసే కోడలా, నీళ్ళు బాగుపడ్డాయే అని. నూకాలు పరుగున వెళ్ళి తాగితే ఉప్పే. ఇది తీపంటుంది, అది ఉప్పంటుంది, అత్తాకోడళ్ళు కాసేపు పోట్లాడుకున్నారు. అప్పుడు కోడలు అత్త బుగ్గ వంక చూసింది. బుగ్గ ఉబ్బుగా ఉంది. నోట్లో ఏమిటి అత్తా అని అడిగింది. పళ్ళు లేవు కదే, ఉసిరిముక్క చప్పరిస్తున్నాను అంది ముసలమ్మ. నూకాలు అత్తని వాటేసుకుంది. ఎందుకు వాటేసుకుందో ముసలమ్మకి తెలియలేదు.

బావి ఉప్పని నూకాలు ఫిర్యాదు చేస్తే, మర్నాడు సంఘం చావిట్లో పాతిక కండువాలూ కూర్చున్నాయి. మధ్యలో పేరిందేవమ్మ. నూకాలు ఒక కడవతో నీళ్ళు తెచ్చింది, ఒక బుట్టతో ఉసిరికాయలు తెచ్చింది. ఇల్లు కొన్నరోజు మాకు ఏ మర్యాద జరిగిందో అదే మీకూ చేస్తానండీ అంది. అందరికీ కాయలు పెట్టింది, నీళ్ళు పోసింది. తాగి అందరూ తలలూపారు. అమృతంలా ఉన్నాయమ్మా, నీ నాలుకే బాగులేదు, కూర్మయ్య తప్పేం లేదు అన్నారు. కూర్మయ్య ఊపిరి పీల్చుకున్నాడు. నూకాలు ఉసిరికాయల బుట్ట పక్కన పెట్టింది. తలా పిడికెడు పేలాలు పెట్టి, నములుతూ కూర్చోండి అంది. కాసేపు పోయాక అదే కడవలోంచి అవే నీళ్ళు మళ్ళీ పోసింది.

అబ్బో, అప్పుడు చూడాలి ఆ మొహాలు! ఒకాయన తూ, ఇంకొకాయన తూ తూ, మూడో ఆయనకి పొలమారింది. పేరిందేవమ్మ మాత్రం ఊయలేదు. గ్లాసెడూ తాగేసింది. మేనల్లుడి వంక చూసి ఒకటే అడిగింది.

"ఒరే కూర్మీ, నువ్వు ముందే తెలిసి పెట్టావా?"

అత్త మొహంలోకి చూసి వాడు అబద్ధం ఆడలేకపోయాడు. తెలిసే పెట్టానత్తా అన్నాడు.

ఆవిడ లేచింది. తను కప్పిన కండువా తనే తీసింది. ఇంటికి ఇల్లు మారాలని తీర్పు చెప్పింది. తియ్యటి బావి ఉన్న కూర్మయ్య ఇల్లు నూకాలుకి, ఉప్పుబావి ఇల్లు కూర్మయ్యకి. ఏడాదిపాటు వాడు దళారీ చెయ్యకూడదు, ఆ బావినీళ్ళే తాగాలి, ఉసిరికాయ ముట్టకూడదు. అంతా అయిపోయిందనుకుని లేస్తుంటే ఆవిడ ఇంకోమాట అంది. వీడికి కండువా కప్పింది నేను, కాబట్టి నేనూ ఆ నీళ్ళే తాగుతాను అంది. చెప్పడమే కాదు, తన చెంబూ చాపా తీసుకుని మేనల్లుడి ఇంటికి వెళ్ళిపోయింది.

ఏమే, కళ్ళు తుడుచుకుంటున్నావా? ఇదిగో, నా కొంగు తీసుకో.

ఆ ఏడాదంతా రోజూ పొద్దున్నే ముసలావిడ చెంబెడు ఉప్పునీళ్ళు మొహం ముడవకుండా తాగేది. కూర్మయ్య చూడలేక ఏడ్చేవాడు. నూకాలు బాధపడి మంచినీళ్ళ బిందె పంపిస్తే, తీర్పంటే తీర్పేనమ్మా అని ఆవిడ తిప్పి పంపేసేది. తిట్టిందా వాణ్ణి? ఒక్కమాట తిట్టలేదు. తిడితే వాడికి తేలిగ్గా ఉండేది.

ఏడాది నిండిన రోజున పొరుగూరి నుంచి ఒకాయన ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఈ ఇల్లు అమ్ముతారా అని అడిగాడు. ఏడాది నిండినా, ఈ ఇల్లు అమ్ముడుపోయేదాకా మేనల్లుణ్ణి వదిలి కదలనని అత్త పంతం పట్టింది కనక, అమ్ముడుపోతే అత్తకి ఉప్పునీళ్ళ బాధ తప్పుతుంది, పోకపోతే ఎన్నాళ్ళో తెలియదు. పేరిందేవమ్మ అరుగు మీద కూర్చుని చూస్తోంది. కూర్మయ్య గొంతు సవరించుకుని, అయ్యా, ముందు చెడ్డ చెప్తాను, ఈ బావి ఉప్పు అన్నాడు. పైకప్పు వంటింటి మూల కారుతుంది అన్నాడు. తోడి ఇచ్చాడు. ఆయన తాగి, తూ అని, పగలబడి నవ్వాడు.

నేను కొబ్బరితాళ్ళు పేనేవాణ్ణయ్యా, పీచు నానబెట్టడానికి ఉప్పునీళ్ళ కోసమే ఆరు ఊళ్ళు తిరిగాను, ప్రతివాడూ మా బావి తీపి తీపి అనేవాడే అన్నాడు! అక్కడికక్కడే కొన్నాడు.

ఆ సాయంత్రం సింగన్న, ముసలమ్మ, నూకాలు చావిడికి వచ్చారు. నూకాలు చేతిలో కొత్త కండువా, తియ్యబావి నీళ్ళతో తనే అద్దిన ఎరుపు. మంచినీళ్ళు ఉంటే రంగు ఉంది, రంగు ఉంటే బట్ట ఉంది, బట్ట ఉంటే సంత ఉంది, సంత ఉంటే గంజేం ఖర్మ, పాయసమే ఉంది! పేరిందేవమ్మ దాన్ని మేనల్లుడి భుజాన కప్పి, ఏడాది తర్వాత మొదటిసారి నవ్వింది. నూకాలు ఆవిడ చేతికి చెంబెడు మంచినీళ్ళిచ్చింది. ఆవిడ ఒక గుక్క తాగి కళ్ళు మూసుకుని, ఎంత తియ్యగా ఉన్నాయర్రా అంది. నోట్లో ఉసిరికాయ లేదు మరి.

అప్పటినుంచి ఆ ఊళ్ళో ఏ దళారి అయినా ముందు చెడ్డ చెప్పాకే మంచి చెప్పాలి. అంచేత, రేపు మీ నాన్న ఇల్లు చూడ్డానికి వెళ్తే మీరూ వెంట వెళ్ళండి. ఇల్లు చూపించే ఆయన చాక్లెట్లు ఇస్తే తీసుకోండి, దణ్ణం పెట్టండి, జేబులో వేసుకోండి. ముందు పంపు తిప్పి నీళ్ళు తాగండి. చాక్లెట్ తర్వాత తినొచ్చు.

కథ కంచికి బయల్దేరింది, మనం ఈ దుప్పట్లోకి. పండూ, కాలు తియ్యమన్నానా!