వింజామర చూడని వేసవి

పిల్లలూ, మంచుకొండలకీ దక్షిణాన ఒక పెద్ద అడవికీ మధ్య అనగనగా ఒక బాతు తిరుగుతూ ఉండేది. పేరు వింజామర. గుంపుకి దారి చూపించడం దాని పని. చలికాలం రాగానే నలభై బాతుల్ని వెంటేసుకుని అడవిలోని తామరచెరువుకి వచ్చేది. ఎండలు ముదరకముందే మళ్ళీ కొండలు దాటించేది. పన్నెండేళ్ళు అదే పని. మబ్బులు కాళ్ళకింద దూదిలా పరుచుకునేవి. చుక్కలు చెయ్యి చాపితే అందేలా ఉండేవి!

ఆ ఏడు చెరువులో దిగగానే కుడి రెక్క సలిపింది.

"మహా అయితే ఇంకో రెండు ప్రయాణాలు. ఆ తరవాత ఎక్కడుంటాను?" అనుకుంది.

చుట్టూ చూసింది. నీళ్ళు తళతళలాడుతున్నాయి. తామరలు ఎర్రగా విచ్చుకున్నాయి.

"ఇంకెక్కడ? ఇక్కడే! లోకంలో ఇంత అందమైన చోటుందా?"

ఒడ్డున ఎండ కాగుతున్న ముసలి తాబేలు గంగులు కిసుక్కున నవ్వింది.

"ఎందుకు మావా నవ్వుతావు?"

"నువ్వు కొత్తల్లుడిలా వచ్చిపోతావే పిల్లా. వచ్చినప్పుడల్లా పిండివంటలే తిన్నావు. మామూలు రోజున ఈ ఇంట్లో ఏం వండుతారో చూశావా?"

వింజామరకి రోషమొచ్చింది. "పన్నెండేళ్ళుగా చూస్తున్నా ఈ చెరువుని!"

"పన్నెండు చలికాలాలు చూశావు. ఒక్క వేసవి చూశావా?"

"నిజమే, చూడలేదు," అనుకుంది బాతు. రెక్క పడిపోయాక తెలిసి ఏం లాభం? ఎగరగలిగినప్పుడే చూసుకోవాలి. ఆ ఏడు తిరుగు ప్రయాణం వేళకి గుంపుని చెల్లెలికి అప్పగించి తను చెరువులోనే ఆగిపోయింది.

"అక్కా, మాడిపోతావే!" అని ఏడ్చింది చెల్లెలు.

"మరీ మాడితే ఎగిరొచ్చేస్తాలే. ఇంకా ఎగరగలను కదా!"

ఎండలొచ్చాయి. మొదట నీళ్ళు తగ్గాయి. తరవాత తామరలు వాడాయి. ఆఖరికి చెరువు బీటలు వారడం మొదలెట్టింది. గంగులు బురదలోకి దూరుతూ అడిగింది, "వానలదాకా నేనిక్కడే పడుకుంటా. నీకు మట్టిలో దూరడం వచ్చా?"

"రాదు మావా."

"అయితే రెక్కలున్నప్పుడే కదులు. కొండవైపు వెళ్ళు."

వింజామర ఎగిరింది. వెనక గుంపు లేదు, తొందర లేదు. చెట్ల తలల మీదుగా మెల్లగా వెళ్ళింది. అడవంతా రేలచెట్లు పసుపుపూల గుత్తులు వేలాడేసుకుని నిలబడ్డాయి. "ఇవన్నీ నేను వెళ్ళిపోయాక పూసేవా!" అని నోరు తెరిచింది.

కొండ అడుగున రాతి సందులోంచి నీళ్ళు ఊరుతున్నాయి. చిన్న గుంట. ఒక్క తామరైనా లేదు. ఒక నీటికోడి పిల్లలతో ఈదుతోంది.

"వదినా, ఈ నీళ్ళు వేసవంతా ఉంటాయా?"

"మా అమ్మమ్మ కాలంనించీ ఎప్పుడూ ఎండిపోలేదు."

"తిండి?"

"ఒడ్డంతా గడ్డే. నడిచెళ్ళి తినొచ్చు."

వింజామర గొంతు తగ్గింది. "నాకు రెక్క ఆడకపోతే?"

"పొద్దున్నే నువ్వు లేవకపోతే నేనొచ్చి కేకేస్తా. నా నోరెంత పెద్దదో అడవంతా తెలుసు!"

బాతు నవ్వుతూ నీళ్ళలోకి దిగింది.

నెల తిరక్కుండానే ఆకాశం నల్లబడింది. కొండ మొత్తం ఉరిమింది. ఒక్కసారిగా వాన! పైనుంచి వేల దారాలు. ప్రతి ఆకూ మోగుతోంది. కొండమీంచి తెల్లటి ధారలు దూకుతున్నాయి. వింజామర కదల్లేదు, రెప్ప వెయ్యలేదు.

"వదినా," అంది గుసగుసగా, "ఇన్నేళ్ళూ ఆకాశంలో తిరిగాను. ఆకాశమే కిందికి దిగొస్తుందని నాకెవరూ చెప్పలేదు!"

నీతి: రేపు ఎక్కడ బతకాలో ఓపికున్న ఇవాళే వెళ్ళి చూసుకోవాలి. మంచి రోజుల్లోనే కాదు, గడ్డు రోజుల్లో కూడా చూసుకోవాలి.