పోలిక కుదరని గుర్రం

కుంభగిరి అని ఒకానొక కొండ రాజ్యం ఉండేది. దాన్ని ఏలే ప్రచండవర్మకు బొమ్మలు గీయాలని బుద్ధి పుట్టింది. బుద్ధి మంచిదే. కాని గీసిన మొదటి బొమ్మకే మంత్రి నాగదేవుడు "ఆహా!" అన్నాడు. సభంతా "ఆహా!" అంది. చేయి తిరగకముందే పొగడ్త వింటే మనిషి అక్కడే ఆగిపోతాడు. రాజూ ఆగిపోయాడు.

చిత్రలేఖనం నేర్పడానికి వచ్చిన ముసలి మల్లోజు మాత్రం రాజు చేతికి పలక ఇచ్చాడు. "ప్రభూ, రోజూ పొద్దున్నే గీతలు, సున్నలు దిద్దండి. బొమ్మల సంగతి తర్వాత."

రాజు మండిపడ్డాడు. "పసిపిల్లలకు పెట్టే పని నాకా? ఈ విద్య నాకు పుట్టుకతోనే వచ్చింది. రేపు పొద్దు గుంకేలోగా రాజ్యం విడిచి పో!"

ఆ సాయంత్రమే రాజు ఎక్కే గుర్రం తాడు తెంచుకుని అడవిలోకి పారిపోయింది. వెతకడానికి భటులను పంపబోతుంటే విదూషకుడు తిప్పన్న చేతులు కట్టుకుని లేచాడు.

"ప్రభూ, పొలిమేర భటులు మీ గుర్రాన్ని ఎన్నడూ చూడలేదు. కోట కాపలావాడూ కొత్తవాడే. తమరు గీసిన గుర్రం బొమ్మలు వాళ్లకిచ్చి, పోలిక కుదిరినదాన్నే లోపలికి తెమ్మనండి."

రాజు మీసం దువ్వాడు. "భేష్! నా బొమ్మతో గుర్రం దొరికిందా, మల్లోజు వెళ్లాల్సిందే."

"దొరక్కపోతే?"

"ఉంటాడు. నేను పలక పడతాను."

మర్నాడు మధ్యాహ్నానికి భటులు తిరిగి వచ్చారు. ఒకడు గాడిదను తోలుకొచ్చాడు. ఒకడు మేకను భుజాన వేసుకొచ్చాడు. ఇంకొకడు గేదె దూడను ఈడ్చుకొచ్చాడు.

"ఇదా నా గుర్రం?" రాజు గర్జించాడు.

"కాళ్లు సరిపోయాయి మహాప్రభో," దూడను తెచ్చినవాడు బొమ్మ చూపించాడు. "పొట్ట కూడా."

అంతలో కోట వాకిట సకిలింపు, కేకలు. రాజు బురుజెక్కి చూస్తే తన గుర్రమే! తనంతట తానే ఇల్లు చేరింది. కాపలావాడు ఒక చేత్తో బొమ్మ, ఒక చేత్తో కర్ర పట్టుకుని దాన్ని తరుముతున్నాడు.

"పో! నీ మెడ ఇంత పొడుగేమిటి? దొంగ గుర్రమా!"

"ఒరే, అది నాదిరా!" అని రాజు అరిచాడు.

"తొందరపడకండి ప్రభూ," అన్నాడు మంత్రితో పాటు వెనకే బురుజెక్కిన తిప్పన్న. "తమరి బొమ్మలో తప్పుండదని సభంతా ఒప్పుకుంది. తప్పు గుర్రానిదే. మంత్రిగారు దాని మెడ కాస్త కుదించి లోపలికి తెస్తారేమో అడగండి."

మంత్రి నేల చూపులు చూశాడు. రాజు బొమ్మ వంక, గుర్రం వంక మార్చి మార్చి చూశాడు.

తిప్పన్న గొంతు తగ్గించాడు. "కత్తి పట్టినప్పుడు తమ చేయి వణకదు. అదీ పుట్టుకతోనే వచ్చిందా ప్రభూ?"

"లేదు. చిన్ననాటి నుంచి తెల్లవారకముందే లేచి సాము చేశాను. దెబ్బలు తిన్నాను. ఇప్పటికీ మానలేదు."

"కత్తి కోసం అంత కష్టపడ్డ చేయి, కుంచె కోసం ఒక్క పూటా కష్టపడనంటే ఎలా?"

రాజు తల దించుకున్నాడు. అప్పుడు బురుజు కింద ఉన్న గేదె దూడ కంటపడింది. ఇక నవ్వు ఆగలేదు. "మల్లోజును ఉండమనండి! తిప్పన్నా, ఏం కావాలో కోరుకో."

"తమ బొమ్మను పొగడాలనుకున్నవాళ్లు ముందు పలక నిండా గీతలు దిద్దాలి. ఆ తర్వాతే నోరు విప్పాలి. అదే నా కోరిక."

"ఇచ్చాను!"

మరుసటి ఉదయం రాజు వంకరటింకర గీతలు దిద్దుతుంటే, అలవాటుకొద్దీ మంత్రి "ఆహా!" అన్నాడు. రాజు పకపకా నవ్వి, పక్కకు జరిగి ఆయనకు చోటిచ్చాడు. మల్లోజు ఇంకో పలక తెచ్చాడు.