సేదమ్మ కాళ్ళు చాపిన కథ

మొగిలిగుండం దాటి పరుపుబండ ఎక్కగానే అమ్మవారు కనిపిస్తుంది. గుడి లేదు, పీఠమూ లేదు. వీపు బండకు ఆనించి, కాళ్ళు బారజాపుకుని, చేతులు ఒడిలో వేసుకుని ఉంటుంది. ఆమే సేదమ్మ. కొత్తవారు నిలబడి చేతులు జోడిస్తే, "ముందు కూర్చోండమ్మా, దణ్ణానికి తొందరేముంది?" అంటాడు పూజారి. ఈ ఆచారం వెనుక ఒక కథ ఉంది.

పూర్వం ఇక్కడి దొర గ్రామదేవతను ప్రతిష్ఠించదలచి, నలుదిక్కుల శిల్పులనూ ఈ బండ మీదికి పిలిపించాడు. జనం కళ్ళెదుట, ఆరుబయటే చెక్కాలి. ఎవరి విగ్రహాన్ని నిలిపితే వారికి ఊళ్ళో ఇల్లూ, కాస్త పొలమూ ఇస్తారు. తిరునాళ్ళకు వచ్చినట్టు జనం వచ్చారు.

ఆ శిల్పుల్లో భైరవాచారి ఒకడు. ఎన్ని ఊళ్ళలో దేవుళ్ళను గుళ్ళలో కూర్చోబెట్టినా, తనకు తలదాచుకునే చూరు లేదు. ఉలుల మూట మోస్తూ అతని వెంట నడిచి నడిచి భార్య నాంచారమ్మ అరిగిపోయింది. "ఈసారీ కాదంటే నా వల్ల కాదయ్యా. నన్నిక్కడే వదిలేసి పో" అంది దారిలోనే.

శిల్పి ముందు రాయిని సుత్తితో తట్టి చూస్తాడు. కంచులా మోగితేనే ఉలి పెడతాడు. ఆనాడు భైరవాచారి, ప్రయాణపు బడలికలో, చేతికందినంత మేరే తట్టి పని మొదలుపెట్టాడు. నిలుచున్న దేవి రూపు తేలే వేళకు, తల రావలసిన చోట రాయి పొరగా విడిపోయి కింద పడింది.

"ఏం బావా, అమ్మవారికి తలకాయ బరువనిపించిందా? మూట సర్దుకో!" అని పక్క రాతి దగ్గరి సోమాచారి నవ్వాడు.

నాంచారమ్మ విరిగిన రాతికి చేరగిలబడి కాళ్ళు చాపింది. భైరవాచారికి ఏడవడానికి కూడా ఓపిక లేక, ఆ నీడలోనే కునుకు పట్టింది. కలలో ఒక ఆడగొంతు వినిపించింది. "ఎంతసేపని నిలబెడతావు నాయనా నన్ను? ఏ ఊరు పోయినా నిలబెట్టేవాళ్ళే."

ఉలిక్కిపడి లేచాడు. "ఏమన్నావే?"

"నేనా? మాట్లాడే ఓపిక కూడానా!"

అతడు ఆమె కూర్చున్న తీరు చూశాడు. మిగిలిన రాయిని ఈసారి పైనుంచి కిందిదాకా తట్టాడు. కంచులా మోగింది. నిలబడేంత ఎత్తు లేదు గానీ, కూర్చోవడానికి చాలు. పీఠం కోసం వదిలిన రాతిలోంచి చాపిన కాళ్ళు తీశాడు.

దొర చూడవచ్చిన రోజున పురోహితుడు ముఖం చిట్లించాడు. "విరిగిన రాయి పూజకు పనికిరాదు. పైగా కాళ్ళు చాపిన దేవతా?"

"చివర్న ఉలితో కన్ను తెరిచేదాకా అది రాయే కదా సామీ. విరిగింది రాయి, అమ్మవారు కాదు" అన్నాడు భైరవాచారి. దొర ఎటూ తేల్చలేదు. నాంచారమ్మ ఉలుల మూట ముడి బిగించసాగింది.

అంతలో, ఇన్నాళ్ళూ శిల్పులకు నీళ్ళు మోసిన ఆడవాళ్ళు ఒక్కొక్క విగ్రహానికీ నిలబడి మొక్కుతూ అక్కడికి వచ్చారు. గంగులమ్మ అనే ముసలామె కడవ దించింది. ఉసూరుమంటూ కూర్చుని తానూ కాళ్ళు చాపింది. ఆమె వెనకే ఒక్కొక్కరే కడవలు దించారు.

"అమ్మవారి ముందు అదేం కూర్చోవడం? లే!" అని పురోహితుడు గద్దించాడు.

"ముందు ఆ తల్లిని లేపు సామీ, తర్వాత నేను లేస్తా" అంది గంగులమ్మ.

దొర నవ్వాడు. తలపాగా తీసి పక్కన పెట్టి, వాళ్ళ మధ్యనే చతికిలబడ్డాడు. ఆ రోజే భైరవాచారి అమ్మవారికి కన్ను తెరిచాడు. నాంచారమ్మ మూటను సేదమ్మ పాదాల దగ్గర దించింది. మళ్ళీ ఎత్తుకోలేదు.

ఇప్పటికీ ఏటా మాఘమాసంలో శిల్పులు ఈ బండ మీద ఆరుబయట రాళ్ళు చెక్కుతారు. మధ్యాహ్నం కాగానే ఉలులన్నీ ఆ పాదాల దగ్గర దించి కాళ్ళు చాపుతారు. ఆ సమయంలో దొరైనా కూలివాడైనా ఒకరినొకరు "లే" అనరాదు. హారతి కూడా కూర్చునే కళ్ళకద్దుకోవాలి. సేదమ్మను సిరిసంపదలు అడిగినవారి సంగతి మాకు తెలియదు. బరువు దించి ఆమె ఎదుట కాసేపు కూర్చున్నవారికి మాత్రం, ఇంటిదాకా నడిచే ఓపిక తప్పక ఇస్తుంది.