చెప్పుల పెట్టె తాళం

పైడయ్య గురువుగారి తాలింఖానాకి కసరత్తు నేర్చుకుంటానని ఎవరొచ్చినా, ముందు చేతికి పార ఇచ్చేవారు. గోదాలో మట్టి గట్టిపడితే కుస్తీ పట్టేవాళ్ళకి దెబ్బలు తగులుతాయి కనుక దాన్ని రోజూ తవ్వి గుల్ల చెయ్యాలి. ఆ పని కొత్తవాళ్ళది. వారం రోజులపాటు దండీలు లేవు, బస్కీలు లేవు, ఒక్క మట్టి తవ్వడమే. గురువుగారు ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని, మాట్లాడకుండా చూస్తూ కూర్చునేవారు. "ముసలాయనకి ఊరికే కూలీలు దొరుకుతున్నారు" అని బయట నవ్వుకునేవాళ్ళూ ఉన్నారు. నిజానికి ఆయన చూపు తవ్వేవాడి ఊపిరి మీద ఉండేది. ఎన్ని దెబ్బలకి రొప్పు వస్తోంది, ఏ కాలు మీద బరువు వెయ్యలేకపోతున్నాడు, నొప్పిని దాచుకుని నవ్వుతున్నాడా, ఇవన్నీ చూసుకునేవారు. వారం గడిచాక కొందరిని ఉండమనేవారు. కొందరిని "డాక్టరుకి చూపించుకుని రా" అనేవారు. చాలామందిని "ఓ రెండు నెలలు నడిచి, అప్పుడు రా నాయనా" అని వెనక్కి పంపేసేవారు.

ఆయన శిష్యుల్లో నీలకంఠం అని ఒకడున్నాడు. తాలింఖానాలోనే పెరిగి, ఇప్పుడు స్టేషన్ రోడ్డులో రెండో అంతస్తులో పెట్టిన కొత్త జిమ్ములో కౌంటరు చూస్తున్నాడు. కౌంటరు చూడడమంటే, వచ్చినవాళ్ళని సభ్యులుగా చేర్చడం. నెలకి ఇంతమందిని చేర్చాలని అతనికి లెక్క ఉంది. ఈ నెల అది దాటితే, కొత్తగా తెరవబోయే రెండో జిమ్ముకి అతన్నే మేనేజరు చేస్తామన్నారు. ఆదివారం పొద్దున్న మాత్రం ఎన్ని పనులున్నా గురువుగారి దగ్గరికి రావడం మానలేదు. ఒక ఆదివారం వచ్చి, గోదా గట్టు మీద కూర్చుని, ఎన్నాళ్ళ నుంచో మనసులో ఉన్న ప్రశ్న బయటపెట్టాడు.

"గురువుగారూ, ఒకటి అడుగుతాను, కోప్పడకండి."

"కోపమొస్తే అప్పుడు చూద్దాం. అడుగు."

"పదిమంది వస్తే మీరు ఏడుగురిని వెనక్కి పంపుతారు. నేను ఒక్కణ్ణి కూడా పంపను. ఒళ్ళు బాగుచేసుకుందామని గడప దాకా వచ్చినవాణ్ణి బతిమాలో, భయపెట్టో చేర్చుకుంటే వాడికి మంచే కదండీ? మరి మనిద్దరిలో ఎవరివల్ల ఎక్కువమందికి మేలు జరుగుతున్నట్టు?"

"భయపెట్టడం ఏటిరా?" అన్నారు గురువుగారు.

నీలకంఠానికి హుషారొచ్చింది. తన ఉపాయం ఇన్నాళ్ళకి చెప్పుకునే వీలు దొరికింది. "మా దగ్గర చెప్పులతో లోపలికి రానివ్వమండీ. విప్పిన చెప్పులు పెట్టెలో పెట్టి తాళం వేస్తాం. తాళం చెవి నా జేబులో ఉంటుంది. 'ఆలోచించుకుని చెప్తాను' అని లేచినవాడు చెప్పులు అడగాలి కదా? అప్పుడు 'ఒక్క నిమిషం సార్' అని మళ్ళీ కూర్చోబెడతాను. వట్టికాళ్ళతో రోడ్డు మీదికి ఎవడు పోతాడు? నిన్న శనివారం సోమయాజులుగారని రిటైరైన పోస్టుమాస్టరు వచ్చాడు. వానలకి పార్కులో నడవడం కుదరటం లేదు, ఇక్కడ నడవచ్చా అని కనుక్కోవడానికి వచ్చాడంతే. గంటంపావు కూర్చోబెట్టాను. 'మా ఆవిడని అడిగి వస్తాను బాబూ' అన్నాడు. 'ఈ వయసులో కూడా అడగాలా సార్' అన్నాను. సంతకం పెట్టేశాడు!"

పక్కన ఒంటికి నూనె రాసుకుంటున్న దాలినాయుడు చెయ్యి ఆపేశాడు. "ఓరి నీ తెలివి తగలెయ్యా! గుడి దగ్గర చెప్పులెత్తుకుపోయేవాడు నీకంటే నయం కదరా. వాడు చెప్పులే పట్టుకెళ్తాడు, మనిషిని వదిలేస్తాడు!"

గోదాలో ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు. నీలకంఠమూ నవ్వాడు. గురువుగారు మాత్రం నవ్వలేదు. బనియను అంచుతో చేతులు తుడుచుకుని, "రేపు పొద్దున్న మీ చోటికి వస్తాను. నన్ను చేర్చుకో" అన్నారు.

"మీరా! మీకెందుకండీ?"

"గురువునని చూడకు. వచ్చినవాణ్ణి రోజూ ఏం చేస్తావో నన్నూ అదే చెయ్యి. ఒక్క మాట తగ్గించినా ఒప్పుకోను."

మర్నాడు ఏడు గంటలకి గురువుగారు వచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు, పంచె మడతలు నలగలేదు. మెట్ల మలుపు దగ్గర కమ్మీ పట్టుకుని కాసేపు ఆగడం నీలకంఠం పైనుంచి చూశాడు. డెబ్బై దాటిన మనిషి, ఆ మాత్రం ఆగరూ అనుకున్నాడు. ఆయన చెప్పులు తనే తీసి, పెట్టెలో పెట్టి, తాళం వేశాడు.

అదే సమయానికి సోమయాజులుగారు కూడా వచ్చారు. ఆయనకి అదే మొదటి రోజు. చేతిలో తువ్వాలు, మంచినీళ్ళ సీసా పట్టుకుని, బడికి కొత్తగా వచ్చిన పిల్లాడిలా కౌంటరు పక్కన నిలబడ్డారు. "బాబూ, పక్కనే ఉండి అన్నీ చూపిస్తామన్నారు మొన్న..." అని మొదలుపెట్టారు. శనివారం ఆయన్ని నాన్నగారూ, నాన్నగారూ అంటూ కొబ్బరినీళ్ళు తాగించిన నీలకంఠం ఇవాళ తల కూడా ఎత్తలేదు. "చెప్పులు ఆ పెట్టెలో పెట్టేసి లోపలికెళ్ళండి సార్, దిలీప్ ఉన్నాడు" అన్నాడు. ఆయన ఇంకేదో చెప్పబోయి, కాసేపు చూసి, లోపలికి వెళ్ళిపోయారు.

ఇక నీలకంఠం గురువుగారిని కూర్చోబెట్టి, ఆయన చెప్పినట్టే ఏదీ తగ్గించకుండా మొదలుపెట్టాడు. ముందు పొగిడాడు. ఈ వయసులో ఈ కట్టు చూడలేదన్నాడు. తర్వాత అద్దం ముందు నిలబెట్టి, పొట్ట చూపించి, భుజాలు జారిపోతున్నాయని నిట్టూర్చాడు. ఈ ధర ఈ ఒక్కరోజే అన్నాడు. గురువుగారు "ఆలోచించుకుని చెప్తాను, నా చెప్పులు ఇలా ఇవ్వు" అన్నారు. "ఒక్క నిమిషం నాన్నగారూ" అని భుజం మీద చెయ్యి వేసి మళ్ళీ కూర్చోబెట్టి, లోపలికి కేకేశాడు. "దిలీప్, ఒకసారి ఇటు రా!"

దిలీప్ కసరత్తు చేయించే కుర్రాడు. కౌంటరు నుంచి పిలుపొస్తే, ఎక్కడున్నవాణ్ణి అక్కడ వదిలేసి రావాలి. వచ్చి, బరువు చూసే మిషను మీద నిలబెట్టి, అంకె చూసి, "అయ్యో!" అన్నట్టు తల ఆడించాలి. అది అతని ఉద్యోగంలో ఒక భాగం. పరుగున వచ్చి అలాగే తల ఆడించాడు. ఇంతలో అతని సెల్లు మోగింది. మాట్లాడుకుంటూ మెట్ల మీదికి వెళ్ళిపోయాడు.

"సరే, పెడతాను సంతకం" అన్నారు గురువుగారు.

నీలకంఠం సొరుగులోంచి కాగితం తీశాడు. ఆ కాగితం సంగతి కాస్త చెప్పుకోవాలి. పైభాగంలో పేరు, వయసు, చిరునామా ఉంటాయి. కింద ఏడు ప్రశ్నలు. వచ్చిన మనిషిని కూర్చోబెట్టి, ఒక్కొక్కటీ అడిగి, ఉంటే ఉందనీ, లేకపోతే లేదనీ గుర్తు పెట్టాలి. అందుకే దాన్ని అచ్చు వేయించారు. నీలకంఠం తీసిన కాగితంలో పేరు దగ్గర ఖాళీగా ఉంది. ఏడు ప్రశ్నలకీ జవాబులు మాత్రం అప్పటికే ఉన్నాయి.

గురువుగారు సంతకం చేసి, కాగితం అతని వైపు తిప్పారు. "కళ్ళజోడు తెచ్చుకోలేదు. నేనేం ఒప్పుకున్నానో చదువు."

"ఏమీ లేదండీ, మామూలే."

"చదవరా."

నీలకంఠం చదివాడు. "బీపీ ఉందా? లేదు. షుగరు ఉందా? లేదు. కీళ్ళ నొప్పులున్నాయా? లేవు. గుండె జబ్బు ఉందా? లేదు. ఎప్పుడైనా పెద్ద ఆపరేషన్ జరిగిందా? లేదు..."

"ఇవి నన్నెప్పుడు అడిగావు?"

నీలకంఠం ఇబ్బందిగా నవ్వాడు. "అందరికీ ముందే కొట్టేసి ఉంచుతామండీ. తీరిక దొరికినప్పుడు ఓ యాభై కాగితాలు ముందేసుకుని, లేదు, లేదు అని టిక్కులు పెట్టేస్తాను. ఈ ప్రశ్నలు అడిగితే మనిషి బెదిరిపోతాడు. డాక్టరుని కనుక్కుని వస్తానంటాడు. ఇంక రాడు."

గురువుగారు చొక్కా బొత్తాములు ఒక్కొక్కటే విప్పారు. ఇవాళ లోపల బనియను వేసుకోలేదు. మెడ గుంట కింద మొదలై, రొమ్ము మధ్యగా, నిట్టనిలువునా పొడుగాటి కుట్ల మచ్చ కనిపించింది.

నీలకంఠం చేతిలో కలం కింద పడింది. మూడేళ్ళ కిందట గురువుగారు హైదరాబాదులో కూతురి దగ్గరికని వెళ్ళి, మూడు నెలలు రాలేదు. వచ్చాక గోదాలోకి దిగలేదు. ఎండాకాలంలో కూడా ఒట్టి ఒంటితో ఉండే మనిషి అప్పటినుంచి బనియను విప్పలేదు. ఇవన్నీ అతను చూశాడు. ప్రతి ఆదివారమూ, ఎదురుగా గట్టు మీద కూర్చుని చూశాడు. ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు. "గురువుగారూ, మీకు... ఎప్పుడు..."

"నా సంగతి అలా ఉంచు" అన్నారు గురువుగారు బొత్తాములు పెట్టుకుంటూ. "ఇందాక తువ్వాలు పట్టుకుని లోపలికి వెళ్ళాడే పెద్దాయన, నువ్వు చెప్పిన పోస్టుమాస్టరు, ఆయన కాగితం మీద ఏం రాసుంది?"

నీలకంఠం బీరువా వైపు చూశాడు. కాగితం తియ్యక్కర్లేదు. అందులో వందల కాగితాలున్నాయి, అన్నింటిమీదా తన చేతి రాతే, తన టిక్కులే. దిలీప్ ఇంకా మెట్ల మీద ఫోన్లోనే ఉన్నాడు. మరి లోపల ఎవరున్నారు? కుర్చీ తన్నుకుని, లోపలికి పరిగెత్తాడు.

సోమయాజులుగారు ట్రెడ్‌మిల్ మీద ఉన్నారు. అది నడక దాటి పరుగులోకి వెళ్ళింది. ఆయన పరిగెత్తడం లేదు, కాళ్ళు వెనక్కి ఈడ్చుకుపోతున్నాయి. రెండు చేతులతో ముందున్న కమ్మీని పట్టుకుని వేలాడుతున్నారు. చొక్కా మొత్తం తడిసిపోయింది, మొహం పాలిపోయింది. పాట ఎంత గట్టిగా మోగుతోందంటే, ఆయన నోరు తెరుస్తున్నట్టు కనిపిస్తోంది గాని మాట వినిపించడం లేదు. అటూ ఇటూ కసరత్తు చేస్తున్న ఇద్దరు ముగ్గురు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అద్దంలో తమ కండలు చూసుకుంటున్నారు. నీలకంఠం ఎర్ర బొత్తాం నొక్కి, ఆయన్ని రెండు చేతులతో పట్టుకుని కిందికి దించాడు. పాట ఆపించాడు.

గురువుగారు వచ్చి ఆయన్ని గోడకి ఆనించి కూర్చోబెట్టారు. తువ్వాలుతో మెడ తుడిచి, మణికట్టు పట్టుకుని నాడి చూస్తూ ఉన్నారు. చాలాసేపటికి గాని ఆయనకి మాట రాలేదు. వచ్చాక కూడా కోప్పడలేదు. అదే నీలకంఠానికి మరీ భయమేసింది.

"పిలుస్తూనే ఉన్నానయ్యా ఇందాకటి నుంచి. ఆ అబ్బాయి దీన్ని తిప్పి, ఇప్పుడే వస్తానని వెళ్ళాడు. నెమ్మది చేద్దామని ఏదో నొక్కితే ఇంకా ఎక్కువైంది. మొదలుపెట్టడం చూపించాడు గాని, ఆపడం ఎలాగో ఎవరూ చెప్పలేదు."

"దిగిపోవలసింది సార్" అన్నాడు నీలకంఠం.

"ఎలా దిగను? కాళ్ళు నిలిస్తే కదా." ఆయన ఊపిరి తీసుకున్నారు. "మా ఆవిడ పొద్దున్న కూడా చెప్పింది. గుండెలో స్టెంటు వేశారని ముందే చెప్పండి, వాళ్ళు అడక్కపోయినా చెప్పండి అంది. నిన్న చెబుదామని ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఇవాళ మీకు చెబుదామని నిలబడ్డాను. మీరు తల ఎత్తలేదు."

నీలకంఠానికి పదిహేనో ఏట తన చేతిలో ఉన్న పార గుర్తొచ్చింది. అందరికంటే లోతుగా తవ్వి చూపించాలని పట్టుదల. మూడో రోజు, గురువుగారు ముక్కాలిపీట మీంచి లేచి వచ్చి, ఏమీ అనకుండా పార లాగేసుకున్నారు. రొమ్ము దగ్గర చెవి పెట్టి విన్నారు. పిల్లికూతల్లాంటి చప్పుడు. అది ఎన్నాళ్ళ నుంచో ఉంది, ఇంట్లో కూడా దాచాడు. తనని సైకిలు మీద డాక్టరు దగ్గరికి తీసుకెళ్తూంటే, వెనక కూర్చుని దారంతా ఏడ్చాడు. "నన్ను పంపేస్తున్నారు, నన్ను పంపేస్తున్నారు" అని. మందులు వాడి, నాలుగు నెలలు పోయాక మళ్ళీ వెళ్తే, గురువుగారు అదే పార మళ్ళీ చేతికిచ్చారు.

దిలీప్ ఫోన్ జేబులో వేసుకుని వచ్చి, సంగతి చూసి నిలబడిపోయాడు. గురువుగారు అతన్ని ఆటో తెమ్మని పంపారు. "డాక్టరు దగ్గరికి వెళ్దాం పోస్టుమాస్టరుగారూ, నేనూ వస్తాను" అన్నారు. కౌంటరు మీద ఫోను మోగుతోంది. కొత్తగా ఎవరో ఇద్దరు మెట్లెక్కి వచ్చి, చెప్పులు ఎక్కడ విప్పాలా అని చూస్తున్నారు. నీలకంఠం అటు వెళ్ళలేదు. గురువుగారి పక్కన నేల మీద చతికిలబడ్డాడు.

"గురువుగారూ, నిన్న నేను అడిగింది..." అని ఆగి, "ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?" అన్నాడు.

గురువుగారు సోమయాజులుగారి మణికట్టు వదల్లేదు, తల తిప్పలేదు.

"ముందు ఆయన చెప్పులు ఆయనకి తెచ్చివ్వరా."